ఖాళీ గడిని ఖాళీగానే ఉంచండి

పాఠకుల ప్రశ్నలు – చరిత్ర టీచర్ జవాబులు

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది పరకాల దగ్గర ఒక ఊరు. మూడేళ్లుగా మా ఊరి చరిత్ర రాస్తున్నాను. చెరువు తూము దగ్గరి శాసనం, గుడి మాన్యం కాగితాలు, పాత పటేల్ ఇంట్లో దొరికిన ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం) లెక్కలు, ముసలివాళ్లు చెప్పిన మాటలు అన్నీ పోగేశాను. ఎవరు ఎప్పుడు ఏం చేశారో పన్నెండు పేజీల పట్టిక వేసుకున్నాను. రాతప్రతి చూసిన మా సార్ "పట్టికలు ఎవరూ చదవరు, తీసెయ్. లేదంటే చివర అనుబంధంలో పెట్టు" అన్నారు. చైనా పాత చరిత్ర పుస్తకాల్లో పట్టికలే అధ్యాయాలుగా ఉంటాయని మీరు ఒకసారి లైబ్రరీ మీటింగులో చెప్పారు. నిజమేనా? వాటిలో ఏముంటుంది? నా పట్టిక ఉంచనా, తీసెయ్యనా?
– ప్రైవేటు స్కూల్ టీచర్, పరకాల

జవాబు: ఉంచండి. అనుబంధంలో కాదు, పుస్తకం మధ్యలోనే ఉంచండి. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు మన హనుమకొండలోనే ఒక లెక్క చేద్దాం. పద్మాక్షి గుట్ట మీది శాసనంలో సంవత్సరం 42. వేయిస్తంభాల గుడి శాసనంలో శక సంవత్సరం 1084. ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిచి పోవచ్చు. అంకెలు చూస్తే మాత్రం వెయ్యేళ్ల ఎడం ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి తేడా 46 ఏళ్లే. మొదటిది చాళుక్య విక్రమ శకం. అది 1076లో మొదలైంది కాబట్టి 42వ ఏడు అంటే 1117. రెండోది శాలివాహన శకం. 78 కలిపితే 1162 వస్తుంది గానీ, తిథి మాఘమాసంలో ఉంది కాబట్టి అప్పటికి జనవరి వచ్చేసింది, అంటే 1163. ఆ రెండు శాసనాల్లోనూ హేమలంబి, చిత్రభాను అని సంవత్సరాల పేర్లు కూడా ఉండబట్టి మనం లెక్క సరిచూసుకోగలుగుతున్నాం.

ఇప్పుడు ఈ రెండింటినీ పట్టికలో పెట్టి, "ఏ శకం" అని ఒక నిలువు వరుస గీయండి. మొదటి శాసనం నాటికి కాకతీయులు చాళుక్యుల సామంతులు. అందుకే తమ చక్రవర్తి పేరుతో నడిచే లెక్క వాడారు. రెండోదాని నాటికి రుద్రదేవుడు స్వతంత్రుడు. ఆ మార్పంతా ఆ ఒక్క వరుసలో కనబడిపోతుంది. మీ పట్టిక చేయాల్సిన పని ఇదే.

చైనాలో సీమా చియెన్‌కు ఎదురైన చిక్కు కూడా ఇలాంటిదే, కాకపోతే చాలా పెద్దది. ఆయన హాన్ వంశపు చక్రవర్తి వూ కొలువులో పంచాంగం, రికార్డులు చూసే ఉద్యోగి. ఆయన తండ్రి సీమా తాన్‌దీ అదే ఉద్యోగం. ఆ తండ్రి క్రీ.పూ. 110లో చనిపోతూ, తాను మొదలుపెట్టిన చరిత్రను పూర్తి చేయమని కొడుకు చేతిలో పెట్టాడు. ఆ పుస్తకమే 'షి జీ'. మొత్తం 130 అధ్యాయాలు. అందులో రాజుల వృత్తాంతాలు 12, పట్టికలు 10, పంచాంగం, కాలువలు, సంగీతం లాంటి విషయాల మీద 8, సామంత వంశాలు 30, మనుషుల జీవితాలు 70. ఈ పది పట్టికలు చివర లేవండీ. రాజుల కథ అయిపోగానే, 13వ అధ్యాయం నుంచి 22వ అధ్యాయం వరకు అవే ఉంటాయి. మీ సార్‌కు ఈ సంగతి చెప్పండి.

ఆయన ముందున్న చిక్కు ఏమిటంటే, పాత చైనాలో ఏ రాజ్యం లెక్క ఆ రాజ్యానిది. రాజు గద్దెనెక్కిన ఏడు నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేవాళ్లు. కన్ఫ్యూషియస్ చనిపోయిన క్రీ.పూ. 479నే తీసుకోండి. చౌ చక్రవర్తి లెక్కలో అది 41వ ఏడు. ఆయన సొంత రాజ్యం లూలో 16వ ఏడు. పడమటి చిన్ రాజ్యంలో 12వ ఏడు. ఏడాది ఒక్కటే, అంకెలు మూడు. వాక్యాలు ఎన్ని రాసినా చదివేవాడి బుర్ర తిరుగుతుంది. సీమా చియెన్ రెండో పట్టికలో ఒక్కో రాజ్యానికి ఒక అడ్డ వరుస, ఒక్కో ఏడాదికి ఒక నిలువు వరుస ఇచ్చాడు. క్రీ.పూ. 841 నుంచి 477 వరకు ప్రతి ఏడూ ఉంటుంది. అడ్డంగా చదివితే ఒక రాజ్యం కథ, నిలువుగా చదివితే ఆ ఏడాది అన్ని రాజ్యాల్లో ఏం జరిగిందీ తెలుస్తుంది. పేరు "పన్నెండుగురు సామంతుల పట్టిక" అని పెట్టాడు గానీ, చౌ చక్రవర్తి వరుసను వదిలేసి లెక్కపెడితే రాజ్యాలు పదమూడు తేలతాయి. పన్నెండు అని ఎందుకన్నాడో పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

నాకు ఈ పట్టికలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఒకటుంది. కన్ఫ్యూషియస్ రాజు కాదు. ఆయనకు వరుస లేదు. కానీ ఆయన సొంత రాజ్యం వదిలి తిరిగిన కాలంలో, వై రాజ్యం వరుసలో ఒక ఏడు, చెన్ రాజ్యం వరుసలో ఇంకో ఏడు, "కన్ఫ్యూషియస్ వచ్చాడు" అని చిన్న మాట కనబడుతుంది. రాజులు, యుద్ధాలు, గ్రహణాల మధ్య ఒక పంతులు ఊరూరా తిరగడం గడుల్లో కనబడుతుంది. మీ ఊరి పట్టికలో కూడా ఇలా వరుస లేని మనుషులకు చోటు దొరుకుతుంది. చెరువుకట్ట తెగితే రాత్రికి రాత్రి గండి పూడ్చినవాళ్లు, బడి కోసం ఎడ్లకొట్టం ఖాళీ చేసి ఇచ్చినవాళ్లు. వాళ్లకు విడిగా అధ్యాయం రాసేంత సమాచారం మీకు దొరకదు. ఒక గడికి సరిపోయేంత దొరుకుతుంది.

కాలం నడిచే వేగాన్ని బట్టి ఆయన గడి కొలత కూడా మార్చాడు. అతి పాత కాలానికి తరాల పట్టిక. తర్వాత ఏళ్ల పట్టికలు. చిన్ సామ్రాజ్యం కూలి హాన్ వంశం వచ్చిన క్రీ.పూ. 209–202 మధ్య కాలానికి నెలల పట్టిక. ఎందుకంటే, ఆయనే ముందుమాటలో రాశాడు, ఐదేళ్లలో అధికారం మూడుసార్లు చేతులు మారింది. మీరు కూడా 1946 నుంచి 1951 దాకా ఊరి సంగతులు ఏడాదికి ఒక గడి అని పెట్టకండి. మన తెలంగాణ పల్లెల్లో ఆ ఐదేళ్లు ఎలా గడిచాయో మీకు తెలుసు. వాటిని నెలలుగా విడగొట్టండి.

ఇక ఆరో పట్టిక. దీని దగ్గర కొంచెం ఆగాలి. హాన్ వంశం స్థాపించిన కావ్‌జు తన కోసం పోరాడిన వందమందికి పైగా మనుషులకు 'హౌ' అనే బిరుదు, దానితో పాటు భూములు ఇచ్చాడు. మన జాగీర్దార్ల లాంటివాళ్లు అనుకోండి. ఇచ్చేటప్పుడు చేసిన ప్రమాణాన్ని సీమా చియెన్ ముందుమాటలో పెట్టాడు: "పసుపు నది నడికట్టు అంత సన్నబడినా, తాయ్ కొండ సానరాయి అంత అరిగినా, మీ రాజ్యం నిలవాలి, మీ సంతానానికి అందాలి." మన దాన శాసనాల్లో "ఆచంద్రార్కం" అంటారే, అదే ధోరణి.

ఇందులో ఒక్కో జాగీరుకు ఒక నిలువు వరుస. పైన జాగీరు పేరు, దాని కింద ఆ మనిషి ఏం చేసి సంపాదించాడో, ఆ కింద ఒక్కో చక్రవర్తి కాలానికి ఒక గడి. ఉదాహరణకు రుయిన్ జాగీరు. మొదటివాడు షియాహౌ యింగ్, కావ్‌జు రథం తోలినవాడు. ఓడిపోయి పారిపోతున్నప్పుడు రథం బరువు తగ్గుతుందని కావ్‌జు సొంత పిల్లల్నే కిందికి తోసేస్తే, వాళ్లను మళ్లీ ఎక్కించుకున్నది ఈయనే. ఆయన తర్వాత కొడుకు, మనవడు, మునిమనవడు. నాలుగో తరంలో క్రీ.పూ. 115లో మునిమనవడి మీద నేరం వచ్చింది, ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ గడి చివర రెండే చైనా అక్షరాలు: "రాజ్యం రద్దు" అని అర్థం.

పక్క వరుస చూడండి. అక్కడా అవే రెండు అక్షరాలు. ఇంకో వరుస, మళ్లీ అవే. క్రీ.పూ. 112లో అయితే పూర్వుల గుడికి సమర్పించిన బంగారం తూకం తగ్గిందనో, నాణ్యత లేదనో 106 మంది బిరుదులు ఒక్క ఏడాదిలో ఊడాయి. ప్రమాణం చేసి వందేళ్లయ్యేసరికి ఆ మొదటి జాగీర్దార్ల వంశాల్లో మిగిలినవి ఐదే అని సీమా చియెన్ రాశాడు. అప్పుడు గద్దె మీద ఉన్నది చక్రవర్తి వూ. క్రీ.పూ. 99లో శత్రువుకు లొంగిపోయిన సేనాని లి లింగ్ తరఫున ఒక మాట మాట్లాడినందుకు సీమా చియెన్‌ను నపుంసకుడిగా మార్చే శిక్షకు గురిచేసింది కూడా ఆ చక్రవర్తే. అలాంటి కొలువులో కూర్చుని "చక్రవర్తి మాట తప్పాడు" అని వాక్యం రాయడం కుదరదు. పట్టిక వేయడం కుదిరింది. చదివేవాళ్లు వేలు పెట్టి వరుసలు దిగుతూ వస్తే చాలు.

ఇంకో ముచ్చట. ఆ రథం తోలిన షియాహౌ యింగ్ కొడుకు సమాధి 1977లో అన్‌హుయి రాష్ట్రంలోని ఫుయాంగ్‌లో బయటపడింది. ఆయన చనిపోయింది క్రీ.పూ. 165లో. సమాధిలో దొరికిన వెదురు బద్దల ముక్కల్లో ఏళ్ల పట్టిక కూడా ఉంది. సీమా చియెన్ పుట్టకముందే ఇలాంటి పట్టికలు జనం దగ్గర ఉన్నాయన్నమాట. వెదురు బద్దల మీద పట్టిక అంటే ఎంత కష్టమో ఆలోచించండి. అక్షరాలు పై నుంచి కిందికి నడుస్తాయి, వరుసలు మాత్రం బద్ద నుంచి బద్దకు అడ్డంగా పోవాలి. కట్టిన దారం తెగితే పట్టిక మొత్తం చెదిరిపోతుంది.

దారం అంటే మా నాన్న గుర్తొస్తాడు. మాది కొత్తవాడ. నాన్న గుంటమగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. నేను బడి నుంచి వచ్చి పక్కన కూర్చుంటే, "పడుగు గట్టిగుంటెనే పేక నిలబడ్తది బిడ్డా" అనేవాడు. పన్నెండో శతాబ్దంలో ఝెంగ్ చియావ్ అనే చరిత్రకారుడు రాసిన మాట నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. పటాలు, పట్టికలు పడుగు అట, రాసిన వాక్యాలు పేక అట, రెండూ కలిస్తేనే బట్ట. 'షి జీ' గొప్పతనమంతా ఆ పది పట్టికల్లోనే ఉందని కూడా ఆయనే అన్నాడు.

మీ సార్ మాట కొత్తది కాదు. 710లో లియు ఝీజీ అనే పెద్ద విమర్శకుడు పట్టికల మీద ఇదే మాట అన్నాడు: ఉన్నా లాభం లేదు, పోయినా నష్టం లేదు, చదివేవాళ్లు ముందు రాజుల కథకు పోతారు, తర్వాత సామంతులకు పోతారు, పట్టికను దాటేస్తారు. కానీ అదే పుస్తకంలో ఇంకోచోట ఆయనే పట్టికలను మెచ్చుకున్నాడు. వేల మైళ్ల దూరంలో ఉన్న రాజ్యాలు అంగుళం మేరలో కుక్కపళ్లలా ఒకదానిలో ఒకటి ఇముడుతాయి, తొమ్మిది తరాలు అడుగు చోటులో అడవి బాతుల బారులా వరుసగా నిలబడతాయి, కళ్లెత్తితే చాలు కనబడతాయి అని. మీ సార్‌కు ఈ రెండు మాటలూ చూపించండి. పెద్దమనిషి, ఆలోచిస్తారు.

లియు ఝీజీ కన్నా ముందే, మూడు రాజ్యాల చరిత్ర రాసిన చెన్ షౌ, తర్వాతి హాన్ చరిత్ర రాసిన ఫాన్ యె పట్టికలు వదిలేశారు. కొన్ని వందల ఏళ్లు అలాగే నడిచింది. 1060లో ఔయాంగ్ షియు బృందం తాంగ్ వంశపు కొత్త చరిత్రలో మళ్లీ తెచ్చింది. మధ్యలో పోయినవాటి కోసం 17వ శతాబ్దంలో వాన్ సితోంగ్ కూర్చుని, వంశం తర్వాత వంశానికి పట్టికలు తయారుచేశాడు. వేసేవాళ్లు మానేస్తే వెనక వచ్చేవాళ్లకు ఎంత చాకిరీయో చూడండి.

మీ పట్టికకు నా సలహా: మొదటి మూడు నిలువు వరుసలు ఫసలీ, తెలుగు సంవత్సరం పేరు, ఇంగ్లీషు సంవత్సరం. ఫసలీకి 590 కలపండి, కానీ ఏడాది మొదలయ్యే నెల వేరు కాబట్టి కాగితంలో నెల ఏమిటో చూసుకోండి. తెలుగు పేరు 60 ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. ఎవరైనా అవ్వ "చిత్రభానులో" అంటే అది 1942నో 2002నో ఆమె వయసే చెప్తుంది. ఇంకొక్క వరుస కూడా పెట్టండి: "ఎవరు చెప్పారు".

ప్రశ్న: మా స్కూల్‌కు వందేళ్లు నిండుతున్నాయి. ఆఫీసు రూములో కొత్త ప్రధానోపాధ్యాయుల బోర్డు రాయిస్తున్నాం. మధ్యలో నాలుగేళ్లకు రికార్డు లేదు. బోర్డు మధ్యలో ఖాళీ బాగుండదని కమిటీ వాళ్లు అంటున్నారు. ముందున్న సార్ పేరునే ఆ నాలుగేళ్లకు పొడిగించవచ్చా?
– అసిస్టెంట్ టీచర్, హుజూరాబాద్

జవాబు: వద్దమ్మా. దయచేసి వద్దు. ఆ తప్పు నేను చేశాను.

నేను పనిచేసిన ఒక బడిలో బోర్డు రాయించే పని నాకు అప్పజెప్పారు. మూడేళ్లకు కాగితం దొరకలేదు. పెయింటర్ నిచ్చెన మీద నిలబడి ఉన్నాడు, పేరు చెప్పండి మేడమ్ అంటున్నాడు, ప్రోగ్రామ్ రేపే, టెన్షన్. నేను ముందు సార్ పేరు పక్కన 'వరకు' అనే గడిలో మూడేళ్లు పెంచి చెప్పేశాను. తర్వాతి ఏడాది ఒకామె వచ్చింది. వాళ్ల నాన్న ఆ మూడేళ్లు ఇన్‌ఛార్జ్‌గా ఉండి బడి నడిపారట. జీతం ఆలస్యమైనా, వాన కురిసి గోడ కూలినా ఒక్కరోజు మూయలేదట. ఆమె బోర్డు ముందు నిలబడి పై నుంచి కిందికి రెండుసార్లు చదివింది. నన్ను ఏమీ అనలేదు. నేను ఆ గడిని ఖాళీగా వదిలి ఉంటే, "ఇక్కడ మా నాన్న" అని ఆమె చూపించడానికి ఒక చోటైనా ఉండేది. నేను ఆ చోటును కూడా తీసేశాను. తర్వాత బోర్డు మళ్లీ రాయించాను. అప్పటికి ఆమె ఎక్కడుందో తెలియలేదు.

పై జవాబులో చెప్పిన సీమా చియెన్ మొదటి పట్టికలో తరాలే ఉంటాయి, ఏళ్లు ఉండవు. ఆయన దగ్గర ఏళ్లు లేక కాదు. పురాణ కాలపు పసుపు చక్రవర్తి నుంచి ఏళ్లు వేసిన పాత వంశావళులు ఆయన చూశాడు. అవి ఒకదానితో ఒకటి పొసగలేదు. కన్ఫ్యూషియస్ అనుమానం ఉన్నదాన్ని అనుమానంగానే అందించాడు అని రాసి, తానూ ఏళ్లు వేయకుండా వదిలేశాడు. ఆయన ఖాయంగా ఏడాది చెప్పేది క్రీ.పూ. 841 నుంచే. అలాగే ఆరు రాజ్యాల పట్టికకు ముందు, చిన్ ప్రభుత్వం పుస్తకాలు తగలబెట్టినప్పుడు మిగతా రాజ్యాల రికార్డులన్నీ పోయాయని, చిన్ వాళ్లవి మాత్రమే మిగిలాయని, వాటిలో కూడా నెలలు, రోజులు లేవని రాసుకున్నాడు. ఏది ఎందుకు లేదో పట్టిక నెత్తి మీదే చెప్పాడు.

మీరూ అదే చేయండి. నాలుగేళ్ల గడి ఉంచండి, పేరు చోట "రికార్డు దొరకలేదు" అని రాయించండి. ఫంక్షన్ రోజు మైకులో ఆ మాట చదవండి. వందేళ్ల ఫంక్షన్‌కు పాత విద్యార్థులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు.

బోర్డు గురించే ఇంకో మాట. సీమా చియెన్ పదో పట్టిక అచ్చం మీ బోర్డు లాంటిదే: ప్రధానమంత్రులు, సేనాధిపతులు, ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు పోయారు. అందులో మంత్రిని తీసేసినా, మంత్రి చనిపోయినా ఆ మాటలు తలకిందులుగా రాసి ఉంటాయి. పుస్తకం తిప్పి పట్టుకుంటేగానీ చదవలేం.

ప్రశ్న: పాత చైనా చరిత్ర రాసినవాళ్లలో ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారా?
– డిగ్రీ విద్యార్థిని, జగిత్యాల

జవాబు: ఉంది తల్లీ. బాన్ ఝావో. ఆమె అన్న బాన్ గు హాన్ వంశ చరిత్ర వంద అధ్యాయాలుగా రాస్తూ క్రీ.శ. 92లో జైలులో చనిపోయాడు. ఎనిమిది పట్టికలు, ఖగోళం అధ్యాయం పూర్తికాలేదు. చక్రవర్తి హె ఆమెను రాజ గ్రంథాలయానికి పిలిపించి పూర్తి చేయమన్నాడు. తర్వాత మా షు అనే ఆయన మిగిలిన పని చేశాడు. ఆ పుస్తకం బయటికి వచ్చిన కొత్తలో చాలామందికి అర్థం కాలేదు. మా షు తమ్ముడు మా రోంగ్, తర్వాత పెద్ద పండితుడైనవాడు, గ్రంథాలయంలో ఆమె దగ్గర కూర్చుని పాఠం చెప్పించుకున్నాడు.

ఆ ఎనిమిదింటిలో ఒకటి చూడదగ్గది. పాతకాలం నుంచి సుమారు రెండువేల మందిని మంచీచెడును బట్టి తొమ్మిది తరగతులుగా పెట్టిన పట్టిక. కన్ఫ్యూషియస్ అన్నిటికన్నా పై తరగతిలో ఉంటాడు. హాన్ కాలపువాళ్లు ఒక్కరూ అందులో లేరు. బాన్ ఝావో పేరు ఆ పుస్తకంలో ఎక్కడా ఉండదు, ఎందుకంటే అది ఆమె పుట్టకముందు కాలంతోనే ఆగిపోతుంది. ఆమె గురించి మనకు తెలిసింది ఐదో శతాబ్దంలో ఫాన్ యె రాసిన చరిత్ర వల్ల. పై జవాబులో పట్టికలు వదిలేశాడని చెప్పాను చూడు, ఆ ఫాన్ యె.